కుర్చీలో కూతురు, కత్తితో కొడుకు

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో, సిండరెల్లా కోట లోపల ఒక చిన్న అలంకారశాల ఉంది. పేరు బిబ్బిడి బాబిడి బొటిక్. మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లల్ని తీసుకుంటారు. కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టు దువ్వి ముడివేసి, మెరుపుపొడి చల్లి, కనురెప్పలకూ గోళ్లకూ రంగు వేసి, తలమీద కిరీటం పెడతారు. పని సాగుతున్నంతసేపూ కుర్చీని అద్దం వైపు తిప్పరు. అంతా అయ్యాక ఒక్కసారిగా తిప్పుతారు. తల్లిదండ్రులు డబ్బు పోసేది ఆ ఒక్క క్షణానికే. కరోనాకు ముందే పెద్ద ప్యాకేజీ ధర 200 డాలర్ల దరిదాపుల్లో ఉండేది.

అదే ఇంట్లో కొడుకు కూడా ఉంటే? వాడికీ ఒక ప్యాకేజీ పెట్టారు. జుట్టుకు జెల్ రాసి నిక్కబొడిచి, నాలుగు మెరుపులు చల్లి, చేతికి కత్తి, డాలు ఇస్తారు. మొదట్లో దీన్ని 'కూల్ డ్యూడ్' అన్నారు, తర్వాత 'నైట్' అన్నారు. రాత్రి అనే నైట్ కాదు, ఐరోపా కథల్లో గుర్రమెక్కే కవచధారి. కరోనాకు ముందు దాని ధర 20 డాలర్ల లోపే. పని కూడా ధరకు తగ్గట్టే చిటికెలో అయిపోతుంది. ఇక అక్క ముస్తాబు అయ్యేదాకా తమ్ముడు ఆ ప్లాస్టిక్ కత్తితో కుర్చీ కోళ్లు నరుకుతూ కూర్చోవాలి.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? అమ్మాయిలకు వేషాలంటే ఇష్టం, అబ్బాయిలకు ఉండదు అని సరిపెట్టేయడం తేలిక. చరిత్ర మాత్రం అలా చెప్పదు. థీమ్ పార్కులో వేషం వేసుకునే అలవాటు మొదలైందే మగపిల్లలతో.

1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచారు. అంతకు కొద్ది నెలల ముందే డిస్నీ టెలివిజన్ కార్యక్రమంలో డేవీ క్రాకెట్ అనే అడవి వీరుడి కథ వచ్చింది. ఫెస్ పార్కర్ అనే నటుడు ఆ పాత్రలో రకూన్ అనే జంతువు తోలుతో చేసిన టోపీ పెట్టుకున్నాడు. వెనక తోక వేలాడుతుంది. ఆ ఏడాది అమెరికాలో ఆ తోక టోపీ లేని అబ్బాయి లేడన్నంత మోజు పుట్టింది. రకూన్ తోలు ధర కూడా పెరిగిపోయింది. పార్కులోని ఫ్రాంటియర్‌ల్యాండ్‌లో తిరిగే పిల్లలు చూడటానికి రాలేదు, క్రాకెట్‌లు కావడానికి వచ్చారు. అదే ఏడాది అక్టోబరులో మిక్కీ మౌస్ క్లబ్ అనే టెలివిజన్ కార్యక్రమం మొదలై ఎలుక చెవుల టోపీ వచ్చింది. అది ఆడా మగా తేడా లేకుండా అందరిదీ. వెనక పేరు కుట్టించుకోవచ్చు. నన్నడిగితే డిస్నీ చేసిన వేషాల్లో ఇప్పటికీ దాన్ని మించింది లేదు. నెత్తిమీద పెట్టుకుంటే చాలు, వేషం పూర్తయిపోతుంది.

మరి అబ్బాయి ఎప్పుడు వెనకపడ్డాడు? దీనికి కచ్చితమైన కాలం ఉంది. నైకీ కంపెనీ నుంచి డిస్నీ సరుకుల విభాగానికి వచ్చిన యాండీ మూనీ ఒకసారి ఫీనిక్స్ నగరంలో మంచుమీద జరిగే డిస్నీ ప్రదర్శనకు వెళ్లాడు. చుట్టూ ఆడపిల్లలు ఇంట్లో కుట్టించుకున్న రాకుమారి గౌన్లలో కనిపించారు. ఇంతమంది కొనడానికి సిద్ధంగా ఉంటే మనం అమ్మడం లేదేమిటని అతనికి తోచింది. వేర్వేరు సినిమాల్లోని రాకుమార్తెలందర్నీ ఒకే పేరు కింద చేర్చారు. 2001లో 30 కోట్ల డాలర్లున్న ఆ అమ్మకం 2006 నాటికి 300 కోట్లకు చేరిందని పెగ్గీ ఓరెన్‌స్టీన్ ఆ ఏడాది న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసింది. మొదటి బొటిక్ తెరిచింది కూడా 2006లోనే. కోటలోనిది మరుసటి ఏడాది వచ్చింది. అంటే ఆ అలంకారశాల ఒక సరుకుల వ్యాపారానికి కట్టిన గుడి. అందులో అబ్బాయికి దొరికింది గడప దగ్గరి చోటు.

ఆ ఖాళీ కంపెనీకి తెలియక కాదు. 2009లో ప్రధానంగా మగపిల్లల కోసం డిస్నీ ఎక్స్‌డీ అనే ఛానల్ పెట్టారు. దానికోసం కెల్లీ పెన్యా అనే పరిశోధకురాలు అబ్బాయిల గదుల్లోకి వెళ్లి, బీరువాలు తీయించి, వాళ్లతో గంటలకొద్దీ మాట్లాడింది. ఆమె పట్టుకున్న సంగతుల్లో ఒకటి నాకు భలే నచ్చింది. అబ్బాయిలు స్కేట్‌బోర్డును చంకలో పెట్టుకునేటప్పుడు అడుగుభాగం బయటికి కనిపించేలా పట్టుకుంటారట. ఎందుకంటే తాము అతికించుకున్న బొమ్మలు, గీసుకున్న గీతలు ఉండేది అక్కడే. ముస్తాబు మీద మోజు లేని జాతి చేసే పని కాదది. తనను తాను అలంకరించుకోవడం సిగ్గనిపించి, చెక్కను అలంకరిస్తున్నాడు. అదే ఏడాది డిస్నీ దాదాపు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను, 2012లో దాదాపు అంతే ఇచ్చి స్టార్ వార్స్ తీసిన లూకాస్‌ఫిల్మ్‌ను కొనుక్కుంది. అబ్బాయిల కోసం వీరుల్ని కొత్తగా సృష్టించే బదులు సిద్ధంగా ఉన్నవాళ్లనే తెచ్చుకుందన్నమాట.

పార్కుల్లో అబ్బాయిల ముందు పెట్టిన వేషాలన్నీ ఒకసారి వరసగా చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

కాలిఫోర్నియాలో 2006లో మొదలైన స్టార్ వార్స్ జెడై వీరుల శిక్షణే తీసుకోండి. పొద్దున్నే పేరు రాయించుకున్న నాలుగు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు గోధుమరంగు అంగీ తొడిగి, కాంతి కత్తి ఇచ్చి, వేదిక ఎక్కించి నాలుగు ఎత్తులు నేర్పేవారు. తర్వాత పొగలోంచి ఆ సినిమాల విలన్ డార్త్ వేడర్ వచ్చేవాడు. ఒక్కొక్కరే వెళ్లి అతనితో తలపడాలి. మూరెడు పిల్లాడు ఏడడుగుల నల్ల ముసుగు ముందు నిలబడి, వణుకుతూనే కత్తి ఎత్తడం కంటే మంచి మేకోవర్ ఏముంటుంది? పైగా ఉచితం. అంగీలో ఆడా మగా తేడా లేదు. ఇంత మంచి సంగతి ఎందుకు ఆపేశారంటే, కరోనా నాటికి ముగిసిపోయిందన్నదొక్కటే జవాబు. ఇప్పుడు స్టార్ వార్స్ విభాగంలో అదే కాంతి కత్తిని స్వయంగా తయారు చేసుకోవచ్చు. 2019లో మొదలుపెట్టినప్పుడే దాని ఖరీదు 200 డాలర్లు. ఉచితంగా చేతికిచ్చిన కత్తి పోయి, కొనుక్కోవాల్సిన కత్తి వచ్చింది.

యూనివర్సల్ వాళ్లు హ్యారీ పాటర్ విభాగాన్ని 2010లో ఓర్లాండోలో తెరిచారు. అక్కడ ఆలివాండర్స్ దుకాణంలోకి పాతికమంది దాకా వెళ్తే, ఒక్క బిడ్డను పిలిచి మంత్రదండం ఎంచే తంతు నడుపుతారు. మొదట ఇచ్చిన దండం పనిచేయదు, అలమరా కూలుతుంది, చివరికి వెలుతురు వచ్చి ఒక దండం ఆ బిడ్డను వరిస్తుంది. అయితే వరించిన దండం ఉచితం కాదు, బయటికి వస్తే బిల్లు కట్టాలి. పక్కనే అమ్మే పాఠశాల అంగీ వంద డాలర్ల పైమాట. కానీ ఒక్క మెచ్చుకోలు చెప్పాలి. ఆ అంగీ మోకాళ్ల కిందికి జారే నల్ల గౌనే. దాన్ని ఏ తండ్రీ ఆడవాళ్ల బట్ట అనడు. పేరు మారితే గౌను అంగీ అయిపోతుంది.

ఇక నేను కాసేపు ఆగాలనుకునే చోటు పైరేట్స్ లీగ్. 2009లో డిస్నీ వరల్డ్‌లోని మేజిక్ కింగ్‌డమ్ పార్కులో, సముద్రపు దొంగల రైడ్ పక్కన, ఆ పేరుతో ఒక దుకాణం తెరిచారు. అబ్బాయికి కుర్చీ వేసిన చోటు అదొక్కటే. కుర్చీలో కూర్చోబెట్టి ముఖానికి రంగు పూసేవారు. బుగ్గమీద గాటు, గడ్డానికి మసి, కంటికి నల్లగంత, తలకు రుమాలు, చెవికి పోగు, చేతిమీద పచ్చబొట్టు, నడుముకు కత్తి. అంతటితో ఆగేది కాదు. పాచికలు వేయించి, వాటిని బట్టి దొంగల పేరు పెట్టేవారు. ఆ పేరుతో ప్రమాణం చేయించేవారు. రహస్య గదిలో నిధి ముందు ఫొటో తీసేవారు. రోజూ ఒక వేళకు ఆ రోజు దొంగలైన వాళ్లందర్నీ కలిపి ఊరేగించేవారు. పెద్దవాళ్లనూ కాదనేవారు కాదు. తండ్రీ కొడుకులు పక్కపక్క కుర్చీల్లో కూర్చుని కాటుక పెట్టించుకోవచ్చు.

వేషం అనేది నాలుగు పనులు చేయాలి: ముఖం మార్చాలి, పేరు మార్చాలి, నలుగురి ముందు నిలబెట్టాలి, తనలాంటి వాళ్ల గుంపులో కలపాలి. మన పల్లెల్లో పగటివేషగాళ్లను చూసి పెరిగినవాళ్లకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. ఆ నాలుగూ పైరేట్స్ లీగ్ చేసింది. పైకి చాలా మొరటుగా కనిపించే ఆ కొట్టులో మెత్తటి పని జరిగేది. ఓ మనిషి ఎదురుగా కూర్చుని, పిల్లాడి గడ్డం పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, కుంచెతో నెమ్మదిగా బుగ్గమీద గీస్తాడు. రోజంతా పరుగులు తీసే ఆరేళ్లవాడు ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చుంటాడు. గాటు అన్న సాకు లేకపోతే ఆ కుర్చీలోకి వాడు ఎక్కేవాడా? ఎక్కనిచ్చేవాళ్లా? 2020 మార్చిలో కరోనాతో మూసిన ఆ దుకాణాన్ని మళ్లీ తెరవలేదు. అబ్బాయిల మేకోవర్ల మొత్తం చరిత్రలో పెద్ద నష్టం ఇదేనని నా అభిప్రాయం.

కిడ్జానియా అనే పిల్లల పార్కు సంగతి వేరే. 1999లో మెక్సికో నగరంలో పుట్టి, 2013లో ముంబైకి వచ్చింది. అక్కడ వేషమంటే ఉద్యోగం. పైలట్ టోపీ, మంటలార్పేవాడి కోటు, డాక్టరు తెల్లకోటు. పనికి కూలి కూడా దొరుకుతుంది, వాళ్ల సొంత నాణెంలో. మన మధ్యతరగతి తండ్రికి ఇంతకంటే నచ్చే వేషం ఉండదు. పిల్లాడు ఆడుకుంటున్నాడో కెరీర్ ప్లాన్ చేసుకుంటున్నాడో తేలదు.

ఇంతకీ ఈ వేషాలు పిల్లల్ని ఏం చేస్తాయి? పరిశోధనలు ఉన్నాయి గానీ, వేషాలు మంచివనేవాళ్లకూ, చెడ్డవనేవాళ్లకూ పూర్తిగా ఊరటనివ్వవు. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి చెందిన సారా కోయిన్ 2016లో 198 మంది బడికి వెళ్లే ముందు వయసు పిల్లల మీద చేసిన అధ్యయనం ప్రచురించింది. అందులో ఆడపిల్లల్లో 96 శాతం, మగపిల్లల్లో 87 శాతం డిస్నీ రాకుమార్తెల కథలు చూసినవాళ్లే. వారానికి ఒకసారైనా ఆ బొమ్మలతో ఆడేవాళ్లు మాత్రం ఆడపిల్లల్లో 61 శాతం, మగపిల్లల్లో 4 శాతం. చూడటానికి అడ్డులేదు, పట్టుకోవడానికే అడ్డు. రాకుమార్తెల కథల్లో మునిగిన పిల్లల్లో, ఆడా మగా తేడా లేకుండా, ఏడాది తర్వాత 'ఆడపిల్ల అంటే ఇలాగే' అనే అచ్చు నడవడిక పెరిగింది. మగపిల్లల్లో దానితోపాటు తమ ఒంటి మీద తమకు మంచి అభిప్రాయం, ఎదుటివాళ్లకు సాయపడే గుణం కనిపించాయి. అదే కోయిన్ బృందం 2014లో సూపర్‌హీరోల మీద చేసిన అధ్యయనంలో ఆ కథలు ఎక్కువ చూసిన మగపిల్లలు ఆయుధాల ఆట ఎక్కువ ఆడారని తేలింది. అంటే మనం అబ్బాయి చేతికి ఇచ్చేది ఒకటి, వాడికి మేలు చేసేది ఇంకొకటి.

కానీ సూపర్‌హీరోను అంత తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. 2017లో రేచల్ వైట్, స్టెఫనీ కార్ల్‌సన్ తదితరులు 180 మంది నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలకు విసుగు పుట్టించే పని ఒకటి ఇచ్చి పది నిమిషాలు చేయమన్నారు. మధ్యలో విసుగేస్తే పక్కనున్న ట్యాబ్‌లో గేమ్ ఆడుకోవచ్చు. కొందర్ని బ్యాట్‌మ్యాన్, డోరా, రపుంజెల్, బాబ్ ది బిల్డర్ వంటి పాత్రల్లో ఒకరిని ఎంచుకోమని, ఆ పాత్ర వస్తువు ఒకటి ఒంటిమీద వేసి, 'ఇప్పుడు బ్యాట్‌మ్యాన్ కష్టపడుతున్నాడా?' అని తనను తాను అడుక్కోమన్నారు. ఎక్కువసేపు పనిచేసింది ఆ పిల్లలే. భుజాన గుడ్డ కట్టుకుంటే ఓపిక వచ్చింది. మన పౌరాణిక నటులు కిరీటం పెట్టాక మామూలు మాట మాట్లాడరని విన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి. ఇక నవ్వను.

రాకుమారి కుర్చీ అబ్బాయికి దొరకకూడదా అన్న ప్రశ్న బహిరంగంగా తగిలింది 2017లో. బ్రిటన్‌కు చెందిన ఒక తల్లి డిస్నీలాండ్ పారిస్‌లో రాకుమారి అలంకారం తన మూడేళ్ల కొడుక్కి కావాలని అడిగితే అబ్బాయిలకు కుదరదన్నారు. ఆమె బహిరంగ లేఖ రాసింది, పత్రికలు పట్టుకున్నాయి, పార్కు క్షమాపణ చెప్పి అది పిల్లలందరిదీ అని ప్రకటించింది. అంతకుముందే, 2015లో, డిస్నీ దుకాణాలు తమ వేషాల మీద 'బాలురకు', 'బాలికలకు' అనే ముద్ర తీసేసి 'పిల్లలకు' అని వేశాయి. 2022 ఆగస్టులో బొటిక్ తిరిగి తెరిచినప్పుడు అలంకరించే సిబ్బందికి 'శిక్షణలో ఉన్న దేవతమ్మలు' అనే పాత పేరు తీసి, ఆడా మగా ఎవరికైనా సరిపోయే 'అప్రెంటిస్' అన్న పేరు పెట్టారు. మరుసటి ఏడాది కాలిఫోర్నియా బొటిక్ గుమ్మంలో మీసమున్న ఒక ఉద్యోగి అప్రెంటిస్ గౌన్లో పిల్లల్ని పలకరిస్తున్న వీడియో బయటికొచ్చి గొడవ గొడవైంది. అప్పటికే ఫ్లోరిడా గవర్నరుకూ డిస్నీకీ మధ్య చట్టాల యుద్ధం నడుస్తోంది. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఇక పార్కుకే వెళ్లం అన్నారు.

ఆ గొడవలో పెద్దవాళ్లంతా తమ సంగతే మాట్లాడుకున్నారు. ఫ్రోజెన్ సినిమాలోని ఎల్సా నీలి గౌను వేసుకుంటానన్న నాలుగేళ్లవాడికి ఆమె ఆడది కాబట్టి నచ్చలేదు, చేతుల్లోంచి మంచు విసురుతుంది కాబట్టి నచ్చింది. 2013లో ఫ్రోజెన్ వచ్చాక ఆ సినిమాలో శక్తి ఉన్నది ఎవరికని అబ్బాయి చూస్తే, ఆమెకే ఉంది. అతను శక్తి వైపు వెళ్లాడు, దాని మీద గౌను ఉంది, అంతే. అమెరికాలోనైనా ఇది కొత్త కాదు. 1884లో తీసిన, తర్వాత అమెరికా అధ్యక్షుడైన రెండున్నరేళ్ల ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఫొటో చూడండి. తెల్ల గౌను, భుజాల దాకా జుట్టు. ఆ రోజుల్లో అందరు అబ్బాయిలూ అలాగే ఉండేవారు. జో పాలెట్టి అనే చరిత్రకారిణి 2012లో దీని మీద పుస్తకమే రాసింది. 1918లో ఒక వ్యాపార పత్రిక అబ్బాయిలకు గులాబీరంగు, అమ్మాయిలకు నీలం అని సలహా ఇచ్చిందన్నది అందులోని సంగతే.

మనవాళ్లు ఈ మాట విని ఆశ్చర్యపడనక్కర్లేదు. తెలుగిళ్లలో పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లాడికి జడ వేసి, పూలజడ కుట్టి, పట్టులంగా కట్టి, బొట్టూ కాటుకా పెట్టి స్టూడియోలో ఫొటో తీయించడం నిన్న మొన్నటి మాట. అది కోరిక తీర్చుకోవడం, కొంత దిష్టి తీయడం, కొంత ఆడపిల్ల లేని తల్లి సరదా. కృష్ణాష్టమికి బడిలో చిన్నికృష్ణులు బారులు తీరతారు. నెమలిపింఛం, నడుముకు మువ్వలు, పెదవికి రంగు. మనకు దేవుడి బాల్యమే అలంకారం చేయించుకునే బాల్యం. కూచిపూడి భాగవతుల ఇళ్లలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పెట్టిన నియమమని సంప్రదాయం చెబుతుంది. ఆ గ్రామం నుంచి వచ్చిన వేదాంతం సత్యనారాయణశర్మ జడ విసిరితే జనం ఆయన మగవాడని మరిచిపోయేవారు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు, పిల్లలు మొక్కుగా ఆడవేషం కట్టి వీధుల్లో నడుస్తారు. ఇంటికొచ్చి స్నానం చేసి మామూలుగా అన్నం తింటారు.

ఇది చెప్పి మనం గొప్పవాళ్లమని అనుకుంటే పొరపాటు. మొక్కు ఉంటే, పండగ ఉంటే, వేదిక ఉంటే మనం ఒప్పుకుంటాం. వేషం తీసేశాక కూడా పిల్లాడు గోరింటాకు కావాలని ఏడిస్తే, పెదవి రంగు తుడవొద్దంటే, 'ఆడంగి వేషాలేంటిరా' అనే మాట అదే ఇంట్లో, అదే నోటి నుంచి వస్తుంది. అమెరికా పార్కు గాటు సాకుతో చేసిన పనే మనం దేవుడి సాకుతో చేశాం. తేడా అల్లా, మన సాకు ఉచితం.

ఈ వేసవిలో అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికో కొడుకు దగ్గరికో వెళ్లి, అక్కడి నుంచి మనవల్ని ఓర్లాండో తీసుకెళ్లబోయే తాతలూ అమ్మమ్మలూ మన ఊళ్లలో తక్కువేం లేరు. వాళ్లకు పనికొచ్చే సంగతులు రెండు ఉన్నాయి. పద్నాలుగేళ్లు నిండినవాళ్లు డిస్నీ పార్కుల్లోకి మామూలు రోజుల్లో వేషంతో రాకూడదు, ఆ లోపు పిల్లలు రావచ్చు. కాబట్టి వేషం ఇంటి నుంచే వేసుకుని వెళ్లొచ్చు, బొటిక్ ఖర్చు లేకుండా. ఇక అబ్బాయికి జుట్టు కురచగా ఉంటే జెల్ ప్యాకేజీలో చేయించుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. మేకోవర్ వ్యాపారం నడిచేదంతా జుట్టు మీదే. ముఖానికి రంగు వేసే చోటు వెతుక్కోవాలి.

మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. మూడేళ్ల నేను, పూలజడ, ఎర్ర లంగా, మెడలో అమ్మ కాసులపేరు. వెనక జడ కూడా కనిపించాలని స్టూడియోవాడు పక్కన నిలువుటద్దం పెట్టాడు. పెళ్లిచూపుల ముందు ఆ ఫొటో గోడమీంచి తీసి బీరువాలో పెట్టేశారు. పెళ్లయిన మూడో రోజు మా ఆవిడ దాన్ని వెతికి పట్టుకుని, మళ్లీ అదే మేకుకు తగిలించింది. నేను కెమెరా వైపు చూడటం లేదు. అద్దం వైపు చూస్తున్నాను.